మందు లేని రోగమే నయం

మా రోజుల్లో మనిషికి జబ్బు చేస్తే మేం ముందు అడిగే మాట "ఏ బావి నీళ్ళు తాగుతున్నారు?" అని. ఇప్పుడు ముందు అడిగేది "కార్డుందా?" అని. కార్డుంటే స్కానింగు, లేకపోతే పోయి కార్డు తెచ్చుకో. బావి సంగతి అడిగే నాథుడు లేడు. బావులే లేవు కదా పెద్దాయనా అంటారేమో. నీళ్ళైతే తాగుతున్నారు కదా!

నేను డాక్టర్ని కాను. ఆ మాట ముందే చెప్పడం మంచిది, లేకపోతే మా వీధివాళ్ళు రిపోర్టులు పట్టుకొని చదవమని వచ్చి కూర్చుంటారు. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో, ఆదోని చుట్టుపక్కల, మలేరియా వర్కరుగా చేరినవాణ్ణి. కొన్నాళ్ళకు ఆ ఉద్యోగానికే మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ అని పేరు పెట్టారు. పేరు పొడుగైనప్పుడల్లా రిజిస్టర్లు పెరిగాయి, టి.ఏ. బిల్లు మాత్రం ఎదగలేదు. ఊళ్ళవాళ్ళకు చివరిదాకా నేను మలేరియా సారునే. ఒక సైకిలు, భుజాన సంచి, సంచిలో గాజు స్లైడ్లు, సూదులు, క్లోరోక్విన్ బిళ్ళలు. ఇల్లిల్లూ తిరిగి, జ్వరం ఎవరికైనా ఉందా అని అడిగి, వచ్చినట్టు గుర్తుగా గోడ మీద తేదీ వేసి రావాలి. అంతే పని.

కానీ ఇల్లిల్లూ తిరిగేవాడికి వద్దన్నా కొన్ని కంటబడతాయి. జ్వరమున్న ఇంటికి కిటికీ ఉందా, పొయ్యి ఏ మూలనుంది, దూడను ఎక్కడ కడుతున్నారు, ఒక బొంత కింద ఎంతమంది పడుకుంటున్నారు, గాదెలో జొన్నలు అడుగంటాయా లేదా. ఇవేవీ రాసుకురమ్మని నన్నెవరూ అడగలేదు. రిజిస్టర్లో వాటికి గడి లేదు. అయినా నాలుగు ఇళ్ళు చూసేసరికి ఆ ఇంట్లోకి రోగం ఎందుకొచ్చిందో, పక్కింట్లోకి ఎందుకు రాలేదో అర్థమైపోయేది. ఇప్పటి డాక్టరు బాబులు నాకంటే వెయ్యి రెట్లు చదువుకున్నారు, కాదనను. రోగి ఇంటి గడప తొక్కింది మాత్రం ఎంతమంది?

మా రోజులు బంగారమని నేను చచ్చినా అనను. కాన్పు కష్టమైతే ఎద్దులబండిలో తీసుకుపోతూ దారిలోనే కళ్ళు మూసిన ఆడవాళ్ళున్నారు. తట్టు పోస్తే ఒకే వీధిలో వరసగా పిల్లలు పోవడం చూశాను. నూట ఎనిమిది బండి అప్పుడుంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో. ఆ సంగతిలో ఈ కాలానికి దండం పెడతాను. నా గొణుగుడు వేరే సంగతి మీద. అది చెప్పాలంటే నారికురుపు గురించి చెప్పాలి.

నారికురుపంటే ఇప్పటి పిల్లలకు తెలీదు. మా మనవడు ఫార్మసీ చదువుతున్నాడు, వాడికీ తెలీదు. మడమ దగ్గరో పిక్క మీదో ఒక బొబ్బ లేస్తుంది. నిప్పు పెట్టినట్టు మంట. బొబ్బ పగిలితే లోపల్నుంచి తెల్లటి దారపు కొస బయటికొస్తుంది. దారం కాదు, పురుగు. రెండు మూడడుగుల పొడుగుంటుంది. దాన్ని లాగితే తెగుతుంది, తెగితే కాలు కుండలా వాచి మనిషి మంచాన పడతాడు. అందుకని ఆ కొసను చీపురుపుల్లకు చుట్టి, రోజుకు ఇంత చొప్పున తిప్పుకుంటూ రావాలి. నేను చూసిన ఒక ముసలాయన అరుగు మీద కాలు చాపుకొని, పుల్లను పసుపుగుడ్డతో పిక్కకు కట్టుకొని, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెబుతూ వారాల తరబడి అలాగే కూర్చున్నాడు. సరిగ్గా విత్తనం వేసే రోజులు. ఆయన అరుగు మీద, కొడుకు మంచం మీద, కోడలు వంటింటి గడప మీద, ముగ్గురికీ కాళ్ళకు పుల్లలే. చేను బీడు.

ముగ్గురికీ ఒకేసారి ఎందుకొచ్చింది? ఏడాది కిందట ముగ్గురూ ఒకే దిగుడుబావి నీళ్ళు తాగారు కాబట్టి. దిగుడుబావికి మెట్లుంటాయి. కాలు మంటపుడుతున్నవాడు ఆ మెట్లు దిగి చల్లటి నీళ్ళలో కాలు పెడతాడు, హాయిగా ఉంటుంది. పెట్టగానే పురుగు పిల్లల్ని వదులుతుంది. వాటిని కంటికి ఆనీ ఆనని నీటిపురుగు మింగుతుంది. సైక్లాప్స్ అని మాకు ట్రైనింగులో బొమ్మ వేసి చూపించారు. ఆ నీళ్ళే పైనున్న మనిషి కడవతో ముంచుకుపోయి తాగుతాడు. ఏడాది తిరిగేసరికి వాడి పిక్క మీద బొబ్బ. మందు లేదు, టీకా లేదు. పెద్ద డాక్టరు జీపులో వచ్చినా చేసేదేమీ లేదు, ఆయనా పుల్ల చుట్టుకోమనే చెప్పాలి.

అందుకే బావి మీద పడ్డారు. 1983-84లో దేశమంతటికీ ఒక కార్యక్రమం పెట్టారు. అప్పటికి ఏడు రాష్ట్రాల్లో, మన రాష్ట్రంతో కలిపి, ఏడాదికి దాదాపు 40 వేల కేసులు. పని చూస్తే పామరపు పని. మెట్లు మూసి చుట్టూ ఒర కట్టడం, కడవ మూతికి మడత పెట్టిన గుడ్డ కట్టి నీళ్ళు వడకట్టమనడం, బావిలో మందునీళ్ళు చల్లడం, ఊరికి బోరింగు వేయించడం. చెప్పినంత సులువుగా జరిగిందనుకోవద్దు. బోరింగు నీళ్ళు ఇనుము కంపు, పప్పు ఉడకదు అన్నారు. మెట్లు మూస్తే గంగమ్మకు కోపమొస్తుందన్నారు. బోరింగు ఏ వీధిలో వేయాలన్నదాని మీద కర్రలు లేచాయి. ఎందుకంటే దిగుడుబావి మెట్లు అందరికీ కాదు. మాదిగవాడ ఆడవాళ్ళు గట్టున కడవ పెట్టుకొని, పైనుంచి ఎవరైనా దయతలచి పోస్తే పట్టుకునేవాళ్ళు, లేకపోతే వంకలో చెలమ తోడుకునేవాళ్ళు. కొత్త బోరింగు కూడా పెద్ద వీధిలోనే వేస్తే వాళ్ళకు మళ్ళీ చెలమే గతి. ఆ చెలమలో సైక్లాప్స్ ఉంటే ఊరి లెక్క మళ్ళీ మొదటికే. పురుగుకు కులం తెలీదు కాబట్టి ఊరివాళ్ళే తగ్గాల్సి వచ్చింది. రెండో బోరింగు వాడలో పడింది. నా సర్వీసులో అంత సంతోషపడిన రోజు ఇంకోటి లేదు.

1996 జులైలో రాజస్థాన్ జోధ్‌పూర్ వైపు చివరి కేసు బయటపడింది. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దేశంలో నారికురుపు లేదని సర్టిఫికెట్టు ఇచ్చింది. ఈ కథ చెబితే మా మనవడు, "తాతా, చివరికి ఏ కంపెనీ మందు పనిచేసింది?" అన్నాడు. మందా! ఇవాళ్టికీ లేదురా నాయనా. మందు లేదు కాబట్టే అది పోయింది. ఏడాదికో బిళ్ళ ఉండుంటే ఈ పాటికి ఏభై ఏళ్ళుగా ఇంటింటికీ బిళ్ళలు పంచుతూనే ఉండేవాళ్ళం. దిగుడుబావి మెట్లు మెట్లుగానే, చెలమ చెలమగానే ఉండేవి. బిళ్ళల టెండరు మాత్రం ఏటేటా పెరిగేది.

ఇది నా సిద్ధాంతం. దీనికి గండి కొట్టింది మా ఇంటావిడ. "మరి మా పుట్టింటి సంగతేంది?" అంది. ఆమెది కనిగిరి వైపు. ఫ్లోరైడు ఊరు. ఆ ప్రాంతం నీళ్ళతో ఎముకలు వంగిపోతున్నాయని డాక్టర్లు పరిశోధన చేసి పత్రిక్కి ఎక్కించింది 1937లో, అప్పుడది నెల్లూరు జిల్లా. దానికీ మందు లేదు. వంగిన నడుము మళ్ళీ నిలబడదు. మరి అది ఎందుకు పోలేదు? మా బావమరిది పళ్ళు చిన్నప్పుడే గోధుమరంగు. మా అత్తగారు చివరి రోజుల్లో తల తిప్పాలంటే మనిషి మనిషంతా తిరగాల్సి వచ్చేది. ఆలోచిస్తే నాకు తట్టింది ఒకటే. దిగుడుబావి మెట్లు మూయడానికి ఒక మేస్త్రీ, నాలుగు సిమెంటు బస్తాలు చాలు. ఫ్లోరైడు పోవాలంటే నదినే తేవాలి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతి నల్గొండ పేరు మీద ఏనాడో కనిపెట్టారు, మంచిదే. కానీ రోజూ కలిపేదెవరు, అడుగున పేరిన బురద తీసేదెవరు? ఆ మెట్టకు నది నీళ్ళు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. రెండు సొరంగాలు తవ్వడం అయ్యేసరికి 2024 వచ్చింది. ఈలోగా వీధివీధికీ ఇరవై లీటర్ల క్యాన్లు వచ్చాయి. తాగేవి క్యాను నీళ్ళు, వండేవి బోరు నీళ్ళు. అన్నంలో, పప్పులో ఫ్లోరైడు షరా మామూలే. క్యాను కొనలేనివాళ్ళ సంగతి అడగొద్దు.

కాబట్టి సిద్ధాంతాన్ని కొంచెం సవరించాను. రోగానికి మందు ఉండకూడదు, ఖర్చూ తక్కువుండాలి. అప్పుడే సర్కారు దాని మొదలు దగ్గరికి పోతుంది. రెండూ కలిసిరాని చోట మనిషికి బిళ్ళ ఇచ్చి మళ్ళీ అదే నీళ్ళ దగ్గరికి, అదే పొగలోకి, అదే అప్పులోకి పంపిస్తుంది.

క్షయ చూడండి. మా పెద్దవాళ్ళ కాలంలో ఆ పేరెత్తితే మదనపల్లె అనేవాళ్ళు. అక్కడి ఆరోగ్యవరం శానటోరియం 1915 నాటిది. పెద్ద వరండాలు, కొండగాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి. మందులు లేని రోజులు కాబట్టి తిండీ గాలే వైద్యం. కలిగినవాడికి సరే, కూలివాడు నెలల తరబడి పనిమాని అక్కడెలా ఉంటాడు? తర్వాత మందులొచ్చాయి. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలుపెట్టి, పేద రోగుల్లో సగంమందిని ఆస్పత్రిలో పెట్టి, సగంమందికి ఇంటి దగ్గరే మందులిచ్చి చూశారు. ఇరుకు గదుల్లో చాలీచాలని తిండి తింటూ మందులు వేసుకున్నవాళ్ళూ, ఆస్పత్రిలో మంచి తిండి తిన్నవాళ్ళూ దాదాపు ఒకేలా కోలుకున్నారు. గొప్ప సంగతే. లక్షలమందికి మంచం లేకుండా వైద్యం అందింది దానివల్లే, మేమూ ఆ పాఠం చదువుకొనే ఉద్యోగం చేశాం. కానీ ఆ పాఠంలోంచి పైవాళ్ళు ఇంకో మాట పుట్టించారు, క్షయకు తిండితో పనిలేదని. మద్రాసువాళ్ళు చూసింది మందు వేసుకున్నవాడు కోలుకుంటాడా లేదా అని. అసలు జబ్బు ఎవరికొస్తుంది, పక్కన పడుకున్న పిల్లకెందుకొస్తుంది అన్నది వాళ్ళ ప్రశ్న కాదు. అర్ధశతాబ్దం పైగా మేం బిళ్ళలు లెక్కపెట్టాం, గాదె తెరిచి చూడలేదు.

ఇక మా పడమటి పల్లెల్లో సుగ్గి ఒకటుంది. తెలియనివాళ్ళకు చెబుతాను. వాన రాక, వచ్చినా పంట దక్కక, వడ్డీకి తెచ్చిన అప్పు తీరక, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు జనం ఇళ్ళకు తాళాలేసి లారీలెక్కి గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయ కోయడానికి పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటాం. పక్కనే తుంగభద్ర పారుతుంటుంది, అదో విచిత్రం. ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళు, వాళ్ళ ఒళ్ళో పసిపిల్లలు. అక్కడ చేలగట్టున పట్టాల గుడిసెలు, మిరపకాయ కోరు, ఒకే పట్టా కింద రెండు కుటుంబాలు. క్షయ మందు మొదలుపెట్టిన మనిషి రెండు నెలలకు దగ్గు తగ్గగానే లారీ ఎక్కేస్తాడు. ఎక్కకపోతే కూలిమేస్త్రీకి తీసుకున్న అడ్వాన్సు ఎవడు కడతాడు? మేం ఇంటికి పోతే తాళం. రిజిస్టర్లో ఎర్రసిరాతో డిఫాల్టర్ అని రాసేవాళ్ళం. ఉగాదికి తిరిగొచ్చేసరికి ఆయన దగ్గు ముదిరి ఉండేది, వెంట ఇంకొకరికి మొదలై ఉండేది. నెలవారీ మీటింగులో నన్ను నిలబెట్టి, నీ ఏరియాలో డిఫాల్టర్లు ఇంతమందేమిటని కేకలేసేవారు. వాన పడలేదు సార్ అంటే నవ్వేవారు.

ఆ నవ్వుకు జవాబు 2023లో వచ్చింది. జార్ఖండ్‌లో చేసిన పరిశోధన, లాన్సెట్ పత్రికలో వేశారు. 2,800 మంది క్షయ రోగులు, వాళ్ళ ఇళ్ళలో ఉండే పదివేల మంది పైచిలుకు జనం. రోగులందరికీ సరుకులిచ్చారు. ఇంట్లోవాళ్ళను మాత్రం రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ బిళ్ళలు ఇచ్చారు. అలా తిండి అందిన ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది, ఊపిరితిత్తుల క్షయైతే 48 శాతం. కందిపప్పు! మా ఊళ్ళో ఏ అవ్వనడిగినా చెప్పేది. కానీ అవ్వ మాట లాన్సెట్‌లో పడదు కాబట్టి అన్నేళ్ళు ఆగాల్సి వచ్చింది.

మన సర్కారు ఏమీ చేయలేదనను. 2018 నుంచి క్షయ రోగికి మందులు వాడినన్నాళ్ళూ నెలకు 500 ఇస్తూ వచ్చారు, 2024 చివర్లో దాన్ని వెయ్యి చేశారు. మంచిదే. బ్యాంకు ఖాతా, ఆధారు, దానికి లింకు, ఇవన్నీ ఉంటే పడుతుంది. పడేసరికి కొందరికి మందుల కోర్సే అయిపోతోంది. 2025 కల్లా దేశంలో క్షయ లేకుండా చేస్తామన్నారు. 2025 వచ్చింది, పోయింది. క్షయ ఎక్కడికీ పోలేదు.

ఈ మధ్య ఆశా కార్యకర్త ఫోను పట్టుకొని మా ఇంటికొచ్చింది. ముప్పై దాటినవాళ్ళందరికీ ఏదో సర్వే. "తాతా, పొగాకు అలవాటుందా? నడుము కొలత ఎంత?" అన్నీ టకటకా అడిగింది. ఫారంలో ఒక గడి చూసి నాకు ముచ్చటేసింది. వంటకు ఏం వాడతారు, కట్టెలా గ్యాసా? దుమ్ములో, పొగలో పనిచేస్తారా? అబ్బో, మేం రాసుకోనిది వీళ్ళు రాసుకుంటున్నారే అనుకున్నాను. మా పక్కింటాయన నాపరాయి పాలిష్ పట్టే పనిలో ముక్కుకు గుడ్డ కట్టుకొని సగం జీవితం గడిపాడు, ఆయనకు అవుననే నొక్కిందట. "నొక్కితే ఏమవుతుందమ్మా? ఎవరైనా ఆ మిషను దగ్గరకి పోయి దుమ్ము చూస్తారా, నీళ్ళు చల్లుతూ కోయమంటారా?" అన్నాను. ఆ పిల్ల జాలిగా చూసి, "నాకు తెలీదు తాతా, నొక్కకపోతే తర్వాతి పేజీ తెరుచుకోదు" అంది. పాపం, ఆమె తప్పేముంది. మాకు ఎర్రసిరా, వాళ్ళకు యాప్.

అదే ఆ పక్కింటాయన ఊపిరాడక పడిపోతే కార్డు మీద పెద్దాస్పత్రిలో చేర్చుకుంటారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మా బంధువుల్లోనే గుండె ఆపరేషన్ చేయించుకొని బతికినవాళ్ళున్నారు. బతకాలి, తప్పకుండా బతకాలి. కానీ ఆ మిషను మీద నీళ్ళపైపు బిగించడానికయ్యే ఖర్చు ఆస్పత్రిలో ఒక పూటకు కాదు. ఆ నాలుగు రూకలు పెట్టేవాడే లేడు.

రోగం మొదలు దగ్గరికి జనమే పోయిన ముచ్చట ఒకటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రాత్రిబడిలో చదువుకుంటూ మాట్లాడుకుంటే పుట్టిన కదలిక అది. ఒక్క డాక్టరు లేడు, ఒక్క హెల్త్ వర్కరు లేడు. మొగుడి కాలేయం గురించి కాదు వాళ్ళ గొడవ, సాయంత్రానికి చేతికి రావాల్సిన కూలి డబ్బుల గురించి, వీపు మీద పడే దెబ్బల గురించి. 1993లో సారా పోయింది, 1995 జనవరిలో మద్యమే నిషేధించారు, 1997లో మళ్ళీ ఎత్తేశారు. ఖజానాకు లోటని. ఆ ఖజానాలోంచే కాలేయం ఆస్పత్రులకు డబ్బులు రావాలి మరి, చక్రం అలా తిరుగుతుంటుంది. మా రోజుల్లో హెల్త్ డిపార్టుమెంటు చేసిన ఏ కార్యక్రమమూ ఆ ఆడవాళ్ళు చేసినదానికి సరితూగదని రిటైరయ్యాకైనా చెప్పే ధైర్యం వచ్చింది.

ఊరికే గొణుగుతూ కూర్చోక నేనూ ఒక అర్జీ పెట్టాను. సుగ్గికి పోయే క్షయ రోగులకు లారీ ఎక్కకముందే మూణ్ణెల్ల మందులు ఒకేసారి చేతికివ్వండి, వాళ్ళు దిగే మండలంలో ఎవరికో ఒకరికి ఫోన్ చేసి చెప్పండి, ఇంట్లో మిగిలిన ముసలివాళ్ళకూ పిల్లలకూ బియ్యంతో పాటు కందిపప్పు ఇప్పించండి అని మూడు ముక్కలు. సోమవారం అర్జీల రోజు వరసలో నిలబడి ఇచ్చి వచ్చాను. నంబరు ఇచ్చారు. పది రోజులకు ఫోనుకు మెసేజీ వచ్చింది, నా సమస్య పరిష్కరించబడినదని, సేవ ఎలా ఉందో ఐదు చుక్కల్లో చెప్పమని. ఏం పరిష్కరించారో కనుక్కుందామని పోతే అక్కడి కుర్రాడు కంప్యూటర్లో వెతికి, "మీకు క్షయ లేదని రాశారు సార్, అందుకే క్లోజ్ చేశారు" అన్నాడు.

వచ్చే సోమవారం మళ్ళీ పోతున్నాను. ఈసారి జిరాక్సు కాపీలు కూడా పట్టుకొని.